నాన్న మాట తడబడుతోంది: మెషీన్‌కి వినిపించాలా, థెరపిస్టుకి వినిపించాలా?

"మేడమ్, నాన్నగారికి ఈ మధ్య పేర్లు తట్టట్లేదు. ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడిస్తే జబ్బు ఉందో లేదో చెప్పేసే యాప్‌లు వచ్చాయట కదా. ముందు అది చూసి, ఏమైనా తేడా వస్తేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని..."

నెలలో ఇద్దరు ముగ్గురైనా ఇలా అడుగుతున్నారు. నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతం వచ్చి ఒక్కసారిగా మాట పడిపోయినవాళ్ళూ, మెల్లమెల్లగా మాట జారిపోతున్న పెద్దవాళ్ళూ నా దగ్గరికి వస్తారు. ఈ రెండో రకం వాళ్ళ విషయంలో మెషీన్లు నిజంగానే ఆశ కలిగిస్తున్నాయి. మాటని కొలిచే సాఫ్ట్‌వేర్ నేనూ వాడతాను. కాకపోతే తెలుగు మాట్లాడే మనిషికి ఏది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది ముందే తెలిసి ఉండాలి. అది తెలియక ఒక కుటుంబం ఏడాది పోగొట్టుకోవడం చూశాను. ఆ బాధతోనే ఇదంతా రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. జబ్బు ఉందో లేదో, ఉంటే ఏ రకమో తేల్చుకోవడానికి ఇవాళ్టికి మనిషినే ఎంచుకోండి. తేలాక, నెలలు గడిచేకొద్దీ మాట ఎంత మారుతోందో కొలవడానికి మెషీన్‌ని తోడు తెచ్చుకోండి.

మతిమరుపు వేరు, మాట పోవడం వేరు

మతిమరుపుతో మొదలయ్యే జబ్బుల గురించి అందరూ వినే ఉంటారు. మాటతోనే మొదలయ్యే జబ్బు ఒకటుంది. దాన్ని ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా అంటారు, పొట్టిగా పీపీఏ. అఫేసియా అంటే మెదడు దెబ్బతిని మాట పోవడం. 1982లో అమెరికాలో మార్సెల్ మెసులమ్ అనే న్యూరాలజిస్టు ఇలాంటి ఆరుగురి గురించి రాశారు. వాళ్ళకి మాట ఏళ్ళ తరబడి క్షీణిస్తూ వచ్చింది, మిగతా తెలివితేటలు మాత్రం నిలబడే ఉన్నాయి. 2011లో గోర్నో-టెంపినీ, ఇతర నిపుణులు కలిసి దీన్ని మూడు రకాలుగా విడదీసి, ఒక్కోదానికీ లక్షణాలు ఖరారు చేశారు. డాక్టర్లు ఇప్పటికీ ఆ విభజననే వాడుతున్నారు.

ఆ మూడూ మన ఇంట్లో ఎలా వినిపిస్తాయో చెప్తాను. ఈ మాటలు ఎవరో ఒక్కరివి కావు, చాలామంది దగ్గర విన్నవి కలిపి రాస్తున్నాను.

మొదటి రకంలో మాట ఆగుతుంది. "మొన్న ఊరెళ్ళాం కదా... అక్కడ మన... ఆ... అదే... పాలు పోసేవాడు లేడూ... వాడు కనిపించాడు." క్రియలు సరిగ్గానే ఉన్నాయి, వాక్యం కూడా సరిగ్గానే ముగిసింది. పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు ఆగిపోయింది. కాస్త పొడుగు వాక్యం చెప్పి, తిరిగి చెప్పమంటే సగంలో వదిలేస్తారు. దీన్ని లోగోపెనిక్ రకం అంటారు. దీని వెనక చాలామందిలో ఉండేది అల్జైమర్స్ జబ్బే.

రెండో రకంలో మాట ఎక్కడా ఆగదు, ధారగా వస్తుంది. వినేవాళ్ళకి మాత్రం చేతికేమీ చిక్కదు. "దాంతో ఇలా అనేసి, అక్కడ పెట్టేసి, మళ్ళీ ఇది తీసుకుని చేసేస్తారు కదా." ఒక పెద్దావిడకి గరిటె చూపించి ఇదేంటమ్మా అని అడిగాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. పోనీ "ఇది గరిటె కదమ్మా" అన్నాను. "గరిటెనా? గరిటె అంటే ఏంటమ్మా?" అని నన్నే అడిగారు. నలభై ఏళ్ళు వంట చేసిన చెయ్యి ఆవిడది. పేరు తట్టకపోవడం వేరు, పేరు విన్నా అర్థం అందకపోవడం వేరు. ఆవిడకి పోయింది అర్థం. ఇది సెమాంటిక్ రకం.

మూడో రకంలో ఒక్కో మాటా కష్టపడి బయటికొస్తుంది. శబ్దాలు మారిపోతాయి, వ్యాకరణం విరిగిపోతుంది. "అమ్మాయి... బజా... బజారు... కూరలు... వచ్చాడు." దీన్ని నాన్‌ఫ్లూయెంట్ రకం అంటారు.

ఈ మూడు ఉదాహరణల్ని మనసులో పెట్టుకోండి. ఏ పద్ధతి దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నదే ఇక్కడి పోలికంతా.

ఎదురుగా కూర్చోబెట్టి చేసే పరీక్ష

ఇది అన్నిటికన్నా పాత పద్ధతి. బొమ్మలు చూపించి పేర్లు అడగడం, వాక్యాలు తిరిగి చెప్పించడం, చదివించడం, రాయించడం, "పటక పటక పటక" అని వేగంగా అనిపించడం ఇందులో ఉంటాయి. గంట, గంటన్నర పడుతుంది. పెద్దవాళ్ళు అలసిపోతే రెండు పూటలుగా చేస్తాం.

తెలుగువాళ్ళకి ఇందులో కొంత ఊరట ఉంది. జ్ఞాపకశక్తినీ మాటనీ కలిపి చూసే ఆడెన్‌బ్రూక్స్ పరీక్షకి తెలుగు రూపం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేయించిన న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ అనే పరీక్షల కట్ట హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళంతో పాటు తెలుగులోనూ ఉంది. ఇంగ్లీషు పరీక్షని అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగేస్తుంటే మాత్రం ఒప్పుకోకండి. ఎందుకంటే, సెమాంటిక్ రకానికి రెండు ముఖ్య లక్షణాలు కాక చెప్పిన నాలుగు అదనపు లక్షణాల్లో ఒకటి చదవడంలో వచ్చే తప్పు. ఇంగ్లీషులో రాసేది ఒకటి, పలికేది ఒకటి. జబ్బున్నవాళ్ళు 'యాట్' అని పలకాల్సిన మాటని అందులో ఉన్న అక్షరాలన్నీ పలుకుతూ 'యాచ్ట్' అంటారు. తెలుగులో రాసినది రాసినట్టే చదువుతాం. జబ్బు ముదిరినవాళ్ళు కూడా తెలుగు పేపరు గడగడా చదివేస్తారు, అర్థం మాత్రం తెలియదు. "చక్కగా చదువుతున్నారు కదా, ఏమీ లేదులెండి" అని పంపించేసే ప్రమాదం ఇక్కడే ఉంది. చదివించాక "అంటే ఏంటి?" అని అడగాలి.

చదువు సరే, మనిషికి ఎన్ని భాషలు వచ్చన్నది కూడా చూడాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. వాళ్ళలో 391 మంది ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళు. వాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి నడిచే మన ఊళ్ళలో ఒక్క భాషలో పరీక్ష పెట్టి మార్కులేస్తే సగం మనిషినే చూసినట్టు. ఎదురుగా కూర్చున్న థెరపిస్టు భాష మార్చి అడగగలదు. మెషీన్‌కి ఆ వెసులుబాటు తక్కువ.

ఈ పద్ధతిలో లోటు కూడా ఉంది. పరీక్షలో అడిగేది ఒక్కో మాట. ఇంట్లో మనిషి మాట్లాడేది కథలు కథలుగా. మొదటి దశలో పరీక్ష బాగా రాసి, ఇంట్లో తడబడేవాళ్ళుంటారు. పైగా ఈ పరీక్ష బాగా చేసేవాళ్ళు జిల్లాల్లో తక్కువ.

రికార్డు చేసి, చేత్తో రాసి, లెక్కపెట్టడం

నాకు ఎక్కువ నమ్మకం ఉన్న పద్ధతి ఇది. ఒక బొమ్మ ఇచ్చి వర్ణించమంటాం, లేదా ఏదైనా ఎలా చేస్తారో చెప్పమంటాం. ఆ మాటని రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాస్తాం. 'ఆ...', 'అదే', ఆగిన చోటు, సగంలో వదిలిన మాట, తప్పు పలికిన శబ్దం, ఏదీ దిద్దకుండా రాయాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ మెక్‌విన్నీ ఇలా రాసే పద్ధతినీ, లెక్కపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్‌నీ తయారుచేశారు.

బొమ్మ విషయంలో ఒక జాగ్రత్త. ప్రపంచమంతా వాడేది 1972 నాటి బోస్టన్ అఫేసియా పరీక్షలోని కుకీ దొంగతనం బొమ్మ. స్టూలెక్కి డబ్బాలోంచి బిస్కెట్లు తీస్తున్న పిల్లాడు, సింక్‌లోంచి పొంగుతున్న నీళ్ళు, గిన్నె తుడుస్తున్న తల్లి. నేను దాన్ని ఒక పల్లెటూరి అవ్వకి చూపిస్తే "ఎవరో దొరల ఇల్లు" అని ఊరుకుంది. అది జబ్బు కాదు, ఆ ఇల్లు ఆవిడది కాదు, అంతే. ఇప్పుడు నేను "పులిహోర ఎలా చేస్తారో చెప్పమ్మా" అంటాను. చింతపండు, పోపు, ఇంగువ, కరివేపాకు అన్నీ పేర్లతో రావాలి, ఒకదాని తర్వాత ఒకటి వరసలో రావాలి. "పుల్లగా ఉండేది నానబెట్టి, అవి వేయించి, అందులో కలిపేయడమే" అని వచ్చిందంటే నాకు చాలా తెలిసిపోతుంది.

కష్టమంతా సమయమే. ఒక్క నిమిషం మాట సరిగ్గా రాయడానికి నాకు పావుగంట నుంచి అరగంట పడుతుంది. రోజుకి పదిమందిని చూసే చోట ఇది జరగదు. ఈ కష్టం తీర్చడానికే మెషీన్లు వచ్చాయి.

గొంతునీ మౌనాన్నీ కొలిచే సాఫ్ట్‌వేర్

ఇది మాట అర్థం జోలికి పోదు. ఎంతసేపు మాట్లాడారు, పావు సెకను దాటి ఎన్నిసార్లు ఆగారు, సెకనుకి ఎన్ని అక్షరాలు పలికారు, గొంతు ఎంత వణికింది, ఇవే కొలుస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి ప్రపంచమంతటా వాడతారు. దీనికి భాషతో పెద్దగా పని లేదు కాబట్టి తెలుగుకీ బాగానే పనిచేస్తుంది. మాటలు లెక్కపెట్టకుండా అక్షరాలు లెక్కపెట్టడం మనకి మేలు కూడా. 'ఇంట్లోంచి' మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో అదే మూడు నాలుగు మాటలవుతుంది. నిమిషానికి ఇన్ని మాటలు అని ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న గీత ప్రకారం చూస్తే తెలుగువాళ్ళందరం నత్తనడకే.

నాన్‌ఫ్లూయెంట్ రకాన్ని ఇది బాగా పట్టుకుంటుంది. లోగోపెనిక్ రకంలో మాట ఆగడాన్నీ పట్టుకుంటుంది. గరిటె అంటే ఏంటని అడిగిన పెద్దావిడ మాత్రం దీనికి దొరకదు. ఆవిడ మాట ధార. మౌనాలు తక్కువ, వేగం బాగుంది. మెషీన్ చూపించే అంకెలన్నీ ఆరోగ్యంగానే ఉంటాయి. ఇంకో పక్క డిప్రెషన్, పార్కిన్సన్స్, వదులైన పళ్ళసెట్టు, వినికిడి లోపం వల్ల నెమ్మదిగా మాట్లాడేవాళ్ళని కూడా ఇది ఒకే గాటన కట్టేస్తుంది.

మాటని అక్షరాల్లోకి మార్చి, తానే తేల్చే మెషీన్

వార్తల్లో వచ్చేది ఈ రకమే. మాటని మెషీనే రాస్తుంది, రాసిన దాంట్లోంచి వందల లక్షణాలు లెక్కకట్టి ఫలితం చెప్తుంది. ఇంగ్లీషులో దీని ఫలితాలు చూస్తే ముచ్చటేస్తుంది. టొరంటోలో కాథ్లీన్ ఫ్రేజర్ బృందం 2016లో కేవలం బొమ్మ వర్ణన విని అల్జైమర్స్ ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ 81 శాతం సరిగ్గా విడదీసింది. 2020లో మాట విని అల్జైమర్స్‌ని పట్టుకునే మెషీన్లకి అడ్రెస్ అనే పోటీ పెట్టారు. జబ్బున్నవాళ్ళు 78 మంది, లేనివాళ్ళు 78 మంది. బాగా చేసిన బృందాలు 90 శాతం దాకా వెళ్ళాయి. పీపీఏ రకాల్ని విడదీసే ప్రయత్నాలూ జోరుగా సాగుతున్నాయి.

అయితే ఈ రెండు చోట్లా వాడిన రికార్డింగులు 1980లలో పిట్స్‌బర్గ్‌లో సేకరించినవి. భాష ఇంగ్లీషు, చూపించింది అదే కుకీ బొమ్మ. పైగా సగం మందికి జబ్బు ఉందని ముందే తెలిసిన గుంపు. మన వీధిలో అలా ఉండదు. లెక్క వేసి చూడండి. వెయ్యిమంది పెద్దవాళ్ళలో యాభైమందికి జబ్బు ఉందనుకుందాం. మెషీన్ రెండు వైపులా 90 శాతం సరిగ్గా చెప్తుందనుకుందాం. యాభైమందిలో 45 మందిని పట్టుకుంటుంది. మిగతా 950 మందిలో 95 మందికి లేని జబ్బు ఉందంటుంది. అంటే మెషీన్ వేలెత్తి చూపిన 140 మందిలో 95 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

తెలుగు దగ్గరికి వస్తే ఇంకో చిక్కు ఉంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. మాటని రాసే మెషీన్లు మామూలు మాటల్ని శుభ్రంగా రాయడానికి తయారైనవి. 'ఆ...', 'అదే' వదిలేస్తాయి. తడబాటుని సర్దేస్తాయి. 'అమ్మాయి వచ్చాడు' అన్నది వాటికి పొరపాటుగా విన్నట్టు తోచి, 'అమ్మాయి వచ్చింది' అని రాసిపెట్టే అవకాశం ఉంది. మనం వెతుకుతున్నది సరిగ్గా ఆ 'వచ్చాడు'నే! ఇంగ్లీషులో అగ్రామటిజంని, అంటే వ్యాకరణం విరిగిపోవడాన్ని, చిన్న చిన్న విడిమాటలు మాయమవడంలో పట్టుకుంటారు. తెలుగులో ఆ పనంతా ప్రత్యయాలు చేస్తాయి. మాట చివర ఒక్క అక్షరం మెషీన్ దిద్దిందంటే జబ్బే కనిపించకుండా పోయినట్టు.

ఇంకా భయపెట్టే సంగతి ఉంది. విస్పర్ అనే పేరున్న మాట-రాత మోడల్‌ని అఫేసియా ఉన్నవాళ్ళ, లేనివాళ్ళ ఇంగ్లీషు రికార్డింగుల మీద పరీక్షించి అమెరికా పరిశోధకులు 2024లో ఫలితాలు ప్రకటించారు. నూటికి సుమారు ఒక రికార్డింగులో మనిషి అసలు అననే అనని వాక్యాలు రాసింది. ఎక్కువసేపు మౌనంగా ఉండే మనుషుల దగ్గర ఇది ఎక్కువ. మౌనమే జబ్బు లక్షణమైనచోట, ఆ మౌనాన్ని లేని మాటలతో నింపేసే మెషీన్‌ని నేను ఎలా నమ్మను?

సర్వనామాల లెక్క కూడా అలాంటిదే. పేర్లకి బదులు 'అది, ఇది' పెరిగితే ఇంగ్లీషులో అనుమానిస్తారు. మనం "వెళ్ళాను, తిన్నాను" అంటాం, 'నేను' అనకపోయినా సరిపోతుంది. అదే అంకె ఇక్కడ పెడితే లెక్క తప్పుతుంది. ఇక హైదరాబాదు పెద్దాయన "జర వో చాబీ ఇటియ్యి, డోర్ లాక్ చెయ్యాలె" అంటే అది ఆయన మామూలు మాటా, తెలుగు పేరు తట్టక పక్క భాషలోకి దూకారా? అది ఆయన భార్యకి తెలుస్తుంది. యాప్‌కి తెలియదు.

ఏడాది పోగొట్టుకున్న కుటుంబం అన్నాను కదా. ఆ తండ్రి సెమాంటిక్ రకం. కొడుకు శ్రద్ధగలవాడే, ఏదో యాప్‌లో మాట్లాడించాడు. 'రిస్క్ తక్కువ' అని ఆకుపచ్చ రంగులో వచ్చింది. సంతోషపడి ఆగిపోయారు. మరుసటి సంక్రాంతికి ఆయన అరిసెలు చూసి ఇవేంటి అన్నారు. ఆ ఏడాదిలో మేము ఇంకా పేర్లు మిగిలి ఉన్న మనిషితో పనిచేసి ఉండేవాళ్ళం. మనవల పేర్లు, మందుల పేర్లు, ఇష్టమైన వంటలు బొమ్మలతో పుస్తకంగా కట్టి, రోజూ సాధన చేయించి ఉండేవాళ్ళం. పోయాక నేర్పడం కన్నా ఉండగా నిలబెట్టడం తేలిక.

మరి మీకు ఏది?

కొత్తగా అనుమానం వచ్చిందా? ముందు న్యూరాలజిస్టు, వెంటనే స్పీచ్ థెరపిస్టు. థైరాయిడ్, బి12, వినికిడి, డిప్రెషన్ కూడా చూపించుకోండి, వాటిలో చాలావాటికి మందుంది. హైదరాబాద్‌లో నిమ్స్, బెంగళూరులో నిమ్‌హాన్స్, మాట, వినికిడి కోసం సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ (ఆయిష్) ఉన్నాయి.

రకం తేలకపోతే రెండో పద్ధతి అడగండి. "మాట్లాడించి, రికార్డు చేసి, రాసి చూస్తారా?" అని థెరపిస్టుని నేరుగా అడగొచ్చు. రాసే పనిలో మీరూ సాయం చేయొచ్చు. మెషీన్‌తో మొదటి చిత్తు రాయించి, మనిషి విని దిద్దడం నేను చేస్తున్న మధ్యేమార్గం. దీనివల్ల నా సమయం కలిసొస్తుంది, తీర్పు నా చేతిలోనే ఉంటుంది. చిత్తుని వినకుండా మాత్రం ఎప్పుడూ వాడను.

జబ్బు తేలినవాళ్ళకి గొంతునీ మౌనాన్నీ కొలిచే సాఫ్ట్‌వేర్ చాలా మంచి తోడు. మనిషిని ఇంకెవరితోనో పోల్చం, ఆరునెలల కిందటి తనతోనే పోలుస్తాం. యాస, వయసు, భాష, పళ్ళసెట్టు అన్నీ రెండుసార్లూ ఒకటే కాబట్టి తేడా వస్తే అది చాలావరకు జబ్బుదే.

అమెరికాలో పిల్లల దగ్గర ఉన్న అమ్మానాన్నల సంగతి వేరేగా చెప్పాలి. అక్కడ ఆసుపత్రిలో దుబాసీని పెడతారు. దుబాసీ పని భావం చేరవేయడం. మీ అమ్మ "అమ్మాయి వచ్చాడు" అంటే ఆయన ఇంగ్లీషులో చక్కటి వాక్యం చెప్తారు. మెషీన్ చేసే తప్పే ఇక్కడ మనిషి చేస్తాడు. "తప్పులు దిద్దకుండా, ఉన్నదున్నట్టు చెప్పండి" అని ముందే అడగండి. ఇంగ్లీషు యాప్‌తో అమ్మ చేత రాని ఇంగ్లీషు మాట్లాడించకండి. వీలైతే వీడియో కాల్‌లో తెలుగు థెరపిస్టుతో ఒకసారి మాట్లాడించి, ఆ రిపోర్టు అక్కడి డాక్టరుకి ఇవ్వండి.

యాప్ వాడాలనిపిస్తే రెండు ప్రశ్నలు వేయండి. తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళ మీద దీన్ని పరీక్షించారా, ఎంతమంది మీద? మా నాన్న గొంతు ఎక్కడ దాస్తారు, తీసేయమంటే తీసేస్తారా? నాకు చూపించిన యాప్‌లలో ఒక్కటీ మొదటి ప్రశ్నకి అంకెలతో జవాబివ్వలేదు. రెండోది కూడా తప్పకుండా అడగండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం తెచ్చుకున్నది ఇందుకే.

ఇవాళే చేయగలిగింది

ఏది ఎంచుకున్నా ఇంట్లో ఒక రికార్డింగ్ ఇవాళే చేసి పెట్టండి. ఫ్యాను ఆపండి, టీవీ ఆపండి. వినికిడి మిషను ఉంటే పెట్టించండి. ఫోను జానెడు దూరంలో, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. రికార్డర్ సెట్టింగుల్లో వేవ్ (WAV) ఫార్మాట్ ఎంచుకోండి, శబ్దం తగ్గించే ఆప్షన్ ఉంటే ఆపేయండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వద్దు, అది శబ్దాన్ని కుదించేస్తుంది. ఐదు నిమిషాలు చాలు: పులిహోరో, పొలం దున్నడమో, ఆయనకి వచ్చిన పని ఎలా చేస్తారో చెప్పమనండి, తర్వాత పెళ్ళినాటి ముచ్చట అడగండి. మధ్యలో మాట అందించకండి. ఇదే అన్నిటికన్నా కష్టం. నాన్న ఒక పేరు కోసం వెతుక్కుంటుంటే మనసు ఆగదు, నోటికొచ్చేస్తుంది. ఆ ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. ఆయన ఎంతసేపు వెతికారో, చివరికి దొరికిందో లేదో డాక్టరుకి కావాలి.

ఫైలు పేరులో తేదీ రాయండి. పక్కనే ఒక కాగితం మీద ఆయన మాతృభాష, ఇంకే భాషలు ఎంత బాగా వచ్చు, ఎంతవరకు చదివారు, మాట మొదట ఎప్పుడు, ఎలా తేడాగా అనిపించిందో రాసి, రెండూ పట్టుకుని రండి.